పాఠకుల ప్రశ్నలు: పక్క దేశానికి సరుకు పంపడం ఇంత కష్టమా?

(విశాఖ రేవులో క్లియరింగ్ ఏజెంటుగా పనిచేసి రిటైరైన మా కాలమిస్టు ఎగుమతులు, దిగుమతులు, పొరుగు దేశాల వ్యవహారాలపై పాఠకుల సందేహాలు తీరుస్తున్నారు.)

ప్రశ్న: సార్, నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ప్రపంచమంతా ఒకే మార్కెట్ అయిందని ఒక పాఠంలో ఉంది. తర్వాతి పాఠం నిండా సార్క్ (దక్షిణాసియా), ఆసియాన్ (ఆగ్నేయాసియా), బిమ్‌స్టెక్ (బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాలు) అంటూ కూటములే. అందరితోనూ వ్యాపారం చేసుకునే వీలున్నప్పుడు పక్క దేశాలతో మళ్లీ విడిగా ఒప్పందాలెందుకు? – ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఒక లెక్క చెప్తాను. మన దేశంలోని కంపెనీ దక్షిణాసియాలోని పొరుగు దేశంతో వ్యాపారం చేయడం కన్నా ఎక్కడో ఉన్న బ్రెజిల్‌తో చేయడమే దాదాపు 20 శాతం చవకని 2018లో ప్రపంచ బ్యాంకు తేల్చింది. నీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. సుంకాల గురించి ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. సరిహద్దు గేటు ఎన్ని గంటలకు తెరవాలి, వాళ్ల ల్యాబ్ రిపోర్టును మనం ఒప్పుకోవాలా వద్దా, కరెంటు లైను ఏ ఊరి మీదుగా వేయాలి అన్నవి మాత్రం ఇరుగు పొరుగు కూర్చుని తేల్చుకోవాల్సిందే. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థలో 166 సభ్య దేశాలు. అందరూ ఒప్పుకుంటే తప్ప పని జరగదు. 2001లో దోహాలో మొదలైన చర్చలు ఇప్పటికీ కొలిక్కి రాలేదు.

ఆసియాన్ దేశాల వ్యాపారంలో సుమారు నాలుగో వంతు వాళ్లలో వాళ్లకే జరుగుతుంది. దక్షిణాసియాలో అది 5 శాతం దగ్గరే ఆగిపోయింది. పరీక్షలో కూటములు ఏ ఏడాది పుట్టాయో రాసినా రాయకపోయినా ఈ తేడా మాత్రం తప్పకుండా రాయి.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం నాది. నాయకులు వరసగా నిలబడి ఫోటోలు దిగే ఈ కూటముల సమావేశాల వల్ల మాలాంటి వాళ్లకు ఒక్క రూపాయి మిగిలిందా? సూటిగా చెప్పండి. – ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: సూటిగానే చెప్తానండీ. సమావేశాల వల్ల మీకు మిగిలింది తక్కువ. సరిహద్దు దగ్గర పని సులువైనప్పుడల్లా మిగిలింది. 2020 జూలై గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌తో లారీలు కదలక బంగ్లాదేశ్ వెళ్లాల్సిన మిర్చి ఆగిపోయింది. పూర్తి గూడ్స్ రైలు మాట్లాడుకోవాలంటే ఒక్కసారిగా 1,500 టన్నులకు పైగా సరుకు కావాలి. చిన్న వ్యాపారి, రైతు అంత ఎక్కడ పోగు చేస్తారు? అప్పుడు రైల్వే వాళ్లు రెడ్డిపాలెం నుంచి పార్సిల్ వ్యాన్లతో ఓ ప్రత్యేక రైలు వేశారు. 16 వ్యాన్లు, 384 టన్నుల ఎండుమిర్చి, నేరుగా సరిహద్దు అవతల బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కి. మన పార్సిల్ రైలు సరిహద్దు దాటడం అదే మొదటిసారి. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలయ్యే ఖర్చు రైల్లో 4,600 చిల్లరకు దిగింది. టన్నుకు 2,400 దాకా మిగిలినట్టే కదా.

ఇక లారీ సంగతి. పనిమీద బేనాపోల్‌కు ఎదురుగా మన వైపున్న పెట్రాపోల్ వెళ్లినప్పుడు, దగ్గర్లోని బనగావ్ పార్కింగ్‌లో మన ఏపీ నంబరు లారీలు చూశాను. వంతు ఎప్పుడొస్తుందో తెలియక డ్రైవర్లు బండి నీడన స్టవ్ పెట్టుకుని వండుకుంటున్నారు. ఆ తేమకు టిక్కీలు (మిర్చి బస్తాలు) మెత్తబడుతున్నాయని ఒకాయన టార్పాలిన్ ఎత్తి నా చెయ్యి పట్టుకుని గోనె మీద పెట్టించాడు. వంతు వచ్చాకైనా లారీ బేనాపోల్ యార్డు దాటి ముందుకు పోదు. సరుకంతా అక్కడ దించి వాళ్ల లారీకి ఎక్కించాలి. రంగు తగ్గిన కాయకు ఢాకాలో ధర ఎలా పలుకుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ దించుడు ఎక్కించుడు లేకుండా చేద్దామనే 2015 జూన్‌లో థింపూలో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ మోటారు వాహనాల ఒప్పందం చేసుకున్నాయి. తమ చిన్న రోడ్లు, పర్యావరణం ఏమైపోతాయోనని భూటాన్ పార్లమెంటు ఆమోదించలేదు. మిగతా మూడూ ముందుకెళ్దామనుకున్నాయి గానీ ఇంకా పూర్తిగా అమలు కాలేదు. దానికి తోడు 2025లో బంగ్లాదేశ్ మన నూలును భూసరిహద్దుల్లో ఆపింది. మనం వాళ్ల రెడీమేడ్ బట్టలను ఆపాం. రెండు రాజధానుల మధ్య మాట పట్టింపులకు లారీ కిరాయి కట్టేది మీరే. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. మీ అసోసియేషన్ తరఫున ఢిల్లీకి అర్జీ పెట్టేటప్పుడు సబ్సిడీతో పాటు ఆ పార్సిల్ రైలునూ అడగండి.

ప్రశ్న: సార్క్ చచ్చిపోయినట్టేనా? – ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: మాస్టారూ, కాఠ్మండులో సచివాలయం ఉంది, ఢిల్లీలో దక్షిణాసియా విశ్వవిద్యాలయం నడుస్తోంది. అధినేతలు మాత్రం 2014 తర్వాత ముఖాముఖి సమావేశమవలేదు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన సమావేశం ఉరీ దాడితో ఆగిపోయింది. తీవ్రవాదం సాగుతుంటే చేతులు కలపలేమన్న మన దేశం మాటను నేను తప్పుపట్టను. ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలన్న నియమం వల్ల ఒక్కరు కాదంటే మిగతా ఏడుగురి పనీ ఆగుతోంది. నా అభ్యంతరమల్లా దానికే.

అందుకే ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకున్న పని చేసుకుపోవాలంటాను. కరెంటు చూడండి. వానాకాలంలో నేపాల్ నదుల మీద కరెంటు మిగులుతుంది. బంగ్లాదేశ్‌కు చాలదు. మధ్యలో మన గ్రిడ్ ఉంది. 2024 అక్టోబర్ 3న మూడు దేశాల సంస్థలు సంతకాలు చేశాయి. ఇప్పుడు నేపాల్‌లోని ఢల్కేబర్ నుంచి బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కి, అక్కడి నుంచి మన లైన్ల మీదుగా బెంగాల్‌లోని బహరంపూర్‌కి, ఆపైన బంగ్లాదేశ్‌లోని భేరామారాకి 40 మెగావాట్లు వెళ్తోంది, యూనిట్ 6.4 అమెరికా సెంట్లకు. ఏటా జూన్ మధ్య నుంచి నవంబర్ మధ్య దాకానే. కొద్దిపాటి కరెంటే. అయినా ఒకప్పుడు రోజుకు 16 గంటల దాకా కోతలు చూసిన నేపాల్ నేడు మూడో దేశానికి అమ్ముతోందంటే నాకెంతో సంతోషం.

ప్రశ్న: నేపాల్ సరుకు మన విశాఖలో దిగుతుందట, నిజమా? – ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: నిజమే. నేపాల్‌కు సముద్రం లేదు. ఏళ్ల తరబడి వాళ్లకు కోల్‌కతాయే దిక్కు. హుగ్లీ నది పూడికతో పెద్ద ఓడలు అక్కడికి రాలేవు. కొలంబోలోనో సింగపూర్‌లోనో చిన్న ఓడలకు మార్చాలి. 2016లో విశాఖకూ అనుమతి ఇచ్చాం. నేపాల్ సరిహద్దు పట్టణం బీర్‌గంజ్‌కు ఇక్కడి నుంచి దూరం దాదాపు రెట్టింపైనా పెద్ద ఓడ నేరుగా రేవుకొస్తుంది. కంటైనర్‌కు ఎలక్ట్రానిక్ సీలు వేస్తారు. దారిలో ఎవరైనా దాన్ని కదిపితే కస్టమ్స్ వాళ్లకు వెంటనే తెలుస్తుంది. కాగితాల కట్టలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి ఆ చిన్న సీలు విలువ నాకు బాగా తెలుసు.

ప్రశ్న: ముక్తినాథ్ యాత్రకు వెళ్తున్నాం. యూరప్‌లో యూరోలాగా అక్కడ మన డబ్బు చెల్లుతుందా? – ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఉమ్మడి కరెన్సీ లేదమ్మా, ఇప్పట్లో వచ్చే సూచనా లేదు. నేపాల్ మాత్రం 1993 నుంచి మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయల లెక్కే పాటిస్తోంది. 2024 మార్చి నుంచి అక్కడి దుకాణాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మన యూపీఐతో చెల్లించొచ్చు. బయల్దేరేముందు మీ యాప్‌లో ఇంటర్నేషనల్ చెల్లింపులు ఆన్ చేసుకోండి. కొండ దారిలో సిగ్నల్ అన్ని చోట్లా అందదు, పోఖరాలోనే కాస్త నేపాలీ నగదు మార్చి దగ్గర పెట్టుకోండి.