‘సిల్లీ’ గొర్రెలు వెర్రివి కావు

చిరంజీవికి,

నీ అనువాదం అందింది. మట్టిదిబ్బ మీద కూలబడిన రాజు నీ తెలుగులో బాగానే నిట్టూర్చాడు. అంతలో మూలంలోని ‘సిల్లీ షీప్’కు నువ్వు పెట్టిన ‘వెర్రి గొర్రెలు’ తగిలాయి. కాగితం పక్కన పెట్టేశాను.

షేక్‌స్పియర్ ‘ఆరవ హెన్రీ’ మూడో భాగం, రెండో అంకం, ఐదో రంగం. గొర్రెల కాపరిగా పుట్టినా బాగుండేదని రాజు కుమిలిపోతున్నాడు. కాసేపట్లో తండ్రిని చంపిన కొడుకూ, కొడుకును చంపిన తండ్రీ అతని ఎదుటికి రాబోతున్నారు. ఆ మనిషి గొర్రెల్ని వెక్కిరిస్తాడా?

ప్రాచీన ఆంగ్లంలో ‘స్యాల్’ అంటే సుఖం, మంచికాలం. ఆ వేరు నుంచి వచ్చిన ‘సిల్లీ’ అనే విశేషణానికి మొదట దీవెన పొందినవాడనే అర్థం. జర్మన్‌లో దాని తోబుట్టువు ‘జేలిష్’ నేటికీ ధన్యుడే. ఇంగ్లీషులో మాత్రం ధన్యుడు అమాయకుడయ్యాడు, జాలిపడదగ్గవాడయ్యాడు, బలహీనుడయ్యాడు, 1570ల నాటికి తెలివితక్కువవాడూ అయ్యాడు. ఈలోగా దీర్ఘం కుదించుకుపోయి ‘సీలీ’ కాస్తా ‘సిల్లీ’ అయింది. మన ఛాందసుడిదీ ఇదే గతి. వేదం చదివినవాడికి పెట్టిన పేరు ఇప్పుడు తిట్టు.

అలాగని ‘ధన్యమైన గొర్రెలు’ అని దిద్దేవు! మొదటిదైనంత మాత్రాన ‘అసలు అర్థం’ అన్నిచోట్లా అతకదు. ‘కంపు’ ఒకప్పుడు పరిమళమే. మురుక్కాలవ దగ్గర ఆ అర్థం పనికొస్తుందా?

జేబు నిఘంటువు ఈనాటి అర్థమే చెబుతుంది. పెద్ద ఆక్స్‌ఫర్డ్ తెరువు. అందులో అర్థాలు పుట్టిన వరుసలో ఉంటాయి, ఒక్కోదాని కింద ఏళ్లవారీగా ఉదాహరణలు. పక్కన బాకు బొమ్మ (†) ఉంటే అది చచ్చిన అర్థం, అంటే ఇప్పుడు వాడుకలో లేనిది. పాత పాఠానికి తరచు అక్కరకొచ్చేది అదే. నీ నాటకం 1590లది కాబట్టి అటూ ఇటూ ఇరవయ్యేళ్ల ఉదాహరణలు చదువు. అయినా ఏడాది ఒక్కటే తేల్చదు. అదే దశకంలో షేక్‌స్పియరే రాసిన ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో రాణి హిపోలిటా పనివాళ్ల నాటకాన్ని చూసి ‘సిల్లియెస్ట్’ అంటుంది, అది అచ్చంగా ఎగతాళి. పక్కనున్న నామవాచకం చూడు. గొర్రె, పసిపిల్ల లాంటివైతే జాలి, మాటో పనో అయితే వెక్కిరింత కావచ్చు. దీన్నీ పూర్తిగా నమ్మకు. ఆంగ్ల కవి మిల్టన్ 1629లో గొర్రెల కాపరుల ఆలోచనల్ని ‘సిల్లీ’ అన్నాడు, అక్కడ సాదాసీదా అనే భావం.

‘నోరులేని గొర్రెలు’ అని పెట్టు. ‘పాపం గొర్రెలు’ అన్నా అర్థం చెడదు గానీ, రాజు నోట మరీ తేలికగా పలుకుతుంది.