ఇంట్లో మొక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది నెల్లూరులో మూడో అంతస్తులో రెండు గదుల అపార్ట్‌మెంట్. పడకగదిలో నాలుగు స్నేక్ ప్లాంట్లు పెట్టుకుంటే గాలిలోని విషవాయువులు పోతాయని, పైగా అవి రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తాయని నర్సరీ అతను చెప్పాడు. మా అత్తగారేమో రాత్రిళ్లు మొక్కలు బొగ్గుపులుసు వాయువు వదులుతాయి కనుక పడకగదిలో ఉండనే కూడదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందమ్మా. చీకటి పడ్డాక మొక్కలు కూడా మనలాగే శ్వాసించి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. అయితే నాలుగు కుండీలు రాత్రంతా వదిలేది, పక్కలో పడుకున్న పసిబిడ్డ వదిలే దానితో పోల్చినా ఏ మూలకూ రాదు. కాబట్టి మొక్కలున్న గదిలో పడుకోవడానికి భయపడవలసిన పని లేదని మీ అత్తగారికి నిదానంగా చెప్పండి.

ఇక స్నేక్ ప్లాంటు సంగతి. నీటి ఎద్దడిని తట్టుకునే ఈ మొక్క పగటివేడిలో ఆకు రంధ్రాలు తెరిస్తే తడి ఆవిరైపోతుంది గనుక, రాత్రి చల్లబడ్డాక వాటిని తెరిచి, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. కలబంద చేసేదీ ఇదే. కానీ ఆక్సిజన్ తయారు కావాలంటే వెలుతురు ఉండి తీరాలి. దీపం ఆర్పేసిన గదిలో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయలేదు.

విషవాయువుల మాట 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేయించిన ప్రయోగాల నుంచి పుట్టింది. గాలి చొరబడకుండా బిగించిన చిన్న పెట్టెల్లో మొక్కలను ఉంచినప్పుడు బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటివి తగ్గిన మాట వాస్తవమే. మన ఇల్లు అలా బిగించిన పెట్టె కాదు. తలుపుల సందుల్లోంచీ కిటికీల్లోంచీ గాలి వస్తూ పోతూనే ఉంటుంది. ఈ ప్రయోగాలనూ, వీటి తర్వాత జరిగిన మరికొన్నింటినీ 2019లో పరిశోధకులు తిరిగి లెక్కగట్టి, మామూలుగా వచ్చిపోయే గాలి చేసే మేలు మొక్కల వల్ల జరగాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 దాకా కుండీలు పెట్టాలని తేల్చారు. గాలి శుభ్రపడాలంటే పొద్దున్నా సాయంత్రమూ ఎదురెదురు కిటికీలు తీసి పెట్టండి, దోమలబత్తి పొగ గదిలో నిలవకుండా చూడండి. ఆ పని మొక్కల మీద వేయకండి.

మరి మొక్కలెందుకంటారా? మనసు కోసం. అది తక్కువ మేలు కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రి ఒకదానిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన రోగుల రికార్డులను పరిశీలించి 1984లో ప్రచురించిన అధ్యయనంలో, కిటికీలోంచి చెట్లు కనిపించిన వాళ్లు ఇటుక గోడ కనిపించిన వాళ్లకంటే త్వరగా ఇంటికి వెళ్లారని, ఘాటైన నొప్పి మందులు తక్కువగా వాడారని వెల్లడైంది. అవి కుండీలు కావు, బయటి చెట్లే. అయినా పచ్చదనం మనిషి మీద ఎలా పనిచేస్తుందో చెప్పడానికి అది మంచి ఆధారం. ఉద్యోగ విరమణ తర్వాత మాటలు తగ్గించేసిన మా నాన్నగారు, వరండాలోని మూడు క్రోటన్ల దగ్గరికి మాత్రం ప్రతి ఉదయం కాఫీ గ్లాసుతోనే వెళ్లేవారు. చుట్టుకుని ఉన్న కొత్త ఆకు ఆ పూట ఎంత విప్పుకుందో చూసి, లోపలికొచ్చి మా అమ్మకు చెప్పేవారు. ఆ రోజుల్లో ఆయన తనంతట తాను ఎత్తుకున్న మాట అదొక్కటే.

మీ బాల్కనీ పడమటి దిక్కున ఉంటే మరో లాభం కూడా ఉంది. తీగబచ్చలినో, శంఖుపుష్పాన్నో తాళ్ల మీదికి పాకించారంటే, రోహిణి కార్తెలో గోడను కాల్చే ఎండను ఆ ఆకులే ఆపుతాయి.

ప్రశ్న: ఇంట్లో స్పైడర్ ప్లాంటు, డ్రసీనా పెంచుతున్నాను. బోరు నీళ్లే పోస్తాను, రోజూ మానకుండా పోస్తాను. అయినా ఆకుల కొసలు మాడిపోతున్నాయి. ఎండ తగిలే చోటు కూడా కాదు. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: మీ ఊరి పేరు చూడగానే మాకు ముందుగా అనుమానం వచ్చింది ఆ బోరు నీళ్ల మీదే. కనిగిరి ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది మీకు కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. మనుషుల పళ్లకూ ఎముకలకూ చేటు చేసే ఆ ఫ్లోరైడే, దానిని ఏమాత్రం ఓర్చుకోలేని ఈ రెండు మొక్కలనూ దెబ్బతీస్తుంది. వేరు పీల్చిన నీటితో పాటు అది ఆకు చివరిదాకా ప్రయాణిస్తుంది. అక్కడ నీరు ఆవిరైపోతుంది గానీ ఫ్లోరైడ్ మిగిలిపోయి పోగవుతుంది. అందుకే ఆకు మధ్యలో పచ్చగానే ఉండి, కొస మాత్రం గోధుమరంగుకు తిరుగుతుంది. మాడిన కొస మళ్లీ పచ్చబడదు. దానిని కత్తిరించి, కొత్తగా వచ్చే ఆకుల మీద దృష్టి పెట్టండి.

నీళ్లు కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. కాస్తే నీరు తగ్గి ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోయడం ఇంకా ప్రమాదం. నీటిలోంచి తీసేసిన లవణాలు చేరేది అందులోకే. వాన పడినప్పుడు డాబా మీది నీటిని డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టుకోండి. అవి అయిపోతే ఆర్వో శుద్ధి చేసిన మంచినీళ్లు వాడండి. పొలం కోసం తెచ్చిన సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో గుప్పెడు వీటికీ వేసే అలవాటుంటే ఆపేయండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. రోజూ నీళ్లు పోయాల్సిన అవసరం కూడా లేదు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి, తడి తగలకపోతేనే పోయండి.

ప్రశ్న: ఏడాదిన్నర మనవడు ఉన్నాడు. ఏ మొక్కలు ఇంట్లో ఉంచకూడదు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మచ్చల మచ్చల వెడల్పాటి ఆకులుండే డిఫెన్‌బేకియాను వెంటనే బయటికి పంపేయండి. దాని ఆకు కొరికితే అందులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకుని నోరు మండి, నాలుక వాస్తుంది. మనీ ప్లాంటులోనూ అవే ఉంటాయి కనుక దానిని పిల్లవాడికి అందని ఎత్తున పెట్టండి. గన్నేరు మొక్కలో ప్రతి భాగమూ విషమే, అది కుండీలో కూడా వద్దు. ఒకవేళ బిడ్డ ఏదైనా ఆకు నమిలాడనిపిస్తే నోరు తుడిచి, ఆ ఆకును వెంట తీసుకుని ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. సీసాలో పెంచే మనీ ప్లాంటు నీళ్లనూ, కుండీల కింది పళ్లేల్లో నిలిచే నీళ్లనూ వారానికోసారి తప్పకుండా పారబోసి, లోపలి గోడలను గుడ్డతో రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు అతుక్కునేది ఆ గోడలకే.