అమ్మమ్మ ట్రంకుపెట్టెలో మిగిలిందంతా వింటేజేనా?

మీ ప్రశ్న చదివాను. అమ్మమ్మ కట్టుకున్న కంచిపట్టు చీర దొరికింది, రిసెప్షన్‌కి వింటేజ్ లుక్‌లో అదే కట్టుకోవాలని మీకుంది, మీ అమ్మగారేమో ఆ పాతది జరీ కొనేవాళ్లకి ఇచ్చేసి కొత్తది తీసుకుందాం అంటున్నారు, ఏం చేయాలి అని కదా. కట్టుకోండి. జవాబు అంతే. కానీ ఈ వింటేజ్ అనే మాటతో నాకు చాన్నాళ్లుగా ఒక పేచీ ఉంది. పైగా మీ అమ్మగారు చెప్పే ఆ పాత జరీ అంగడికి నేను మా అమ్మతో వెళ్లొచ్చాను. అది చెప్పకుండా వదలను.

మాది నెల్లూరు వైపు. తాతకి పెరంబూరు బిన్నీ మిల్లులో పని దొరికి సంసారం మద్రాసుకి మారింది. కాగితాల మీద అది బకింగ్‌హామ్ అండ్ కర్ణాటిక్ మిల్స్, కానీ అంత పొడుగు పేరు పలికే తీరిక పెరంబూరులో ఎవరికీ ఉండేది కాదు. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది ఈ మిల్లు కార్మికులతోనే. మిల్లు ఖాకీకి పేరు. సైనికుల ఒంటి మీదికీ ఆ గుడ్డ వెళ్లేది. మా తాతకి ఆ గర్వం చివరిదాకా ఉంది, తన నిక్కరూ సైనికుడి ప్యాంటూ ఒకే గుడ్డ అని. 1996లో మిల్లు మూసేశారు. తర్వాత ఆ స్థలంలో సినిమా షూటింగులు జరిగేవి.

అమ్మమ్మ 2017లో పోయింది. సంవత్సరీకం అయ్యాక అమ్మా నేనూ ఆమె ట్రంకుపెట్టె తెరిచాం. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. లోపల ఇత్తడి కుంకుమ భరిణె, తాత పింఛను కాగితాలు, అడుగున పాత పంచె ముక్కలో చుట్టిన ఒకే ఒక్క పట్టుచీర. నెమలికంఠం రంగు, లక్క రంగు అంచు, అంచు మీద గోపురాలు. 1964లో కొన్నది. కంచి నుంచి మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే ఒకాయన దగ్గర, తాత దీపావళి బోనస్ కొంత చేతికిచ్చి మిగతాది వాయిదాల మీద తీర్చారట. దీని మీద నాకో సిద్ధాంతం ఉంది. 1963 జనవరిలో బంగారం మీద ప్రభుత్వ కట్టడి, గోల్డ్ కంట్రోల్ వచ్చింది, కొత్తగా చేయించే నగ 14 క్యారట్లు దాటకూడదన్నారు. నగ మీద పెట్టాల్సిన డబ్బు మావాళ్లు సరిగ మీద, అంటే చీర జరీ మీద పెట్టారు. అమ్మ ఒప్పుకోదు, "అప్పుడు నగకి డబ్బెక్కడిదే" అంటుంది. నేను మాత్రం నా సిద్ధాంతం మార్చుకోను.

ఆ వారమే పేపర్లో పెట్టిన కరపత్రం ఒకటి వచ్చింది, పాత పట్టుచీరలు మంచి ధరకి కొంటామని. అమ్మ బీరువా అప్పటికే తలుపు పడట్లేదు. తన 1988 పెళ్లిచీర అమ్మేస్తానంది. ఆ రంగు తనకి ఎప్పుడూ నచ్చలేదట, అత్తగారు ఎంచిన రంగట. అమ్మమ్మ చీర కూడా సంచిలో పెట్టింది. అమ్మడానికి కాదు, ఊరికే రేటు తెలుసుకుందాం అని. ఈ 'ఊరికే' అనే మాట మా అమ్మ నోటి నుంచి వచ్చిందంటే నేను జాగ్రత్తపడతాను.

షావుకారుపేట మింట్ స్ట్రీట్ దాటాక ఒక సందు, సందులో ఇంకో సందు. కచోరీలు వేగుతున్న వాసన. ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. పైన తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద సేట్ కూర్చున్నాడు. ముందు తూకం, నల్లటి గీటురాయి, లోహాన్ని పరీక్షించే మందు సీసా, అగ్గిపెట్టె. ఆయన తమిళం మాట్లాడతాడు, మేం నెల్లూరు వాళ్లమని తెలిశాక తెలుగులోకి దిగాడు. వ్యాపారం చేసేవాడికి ఏ భాషైనా వస్తుంది లెండి.

నా కళ్లు మాత్రం ఆయన వెనకాల ఉన్నాయి. అక్కడొక కుర్రాడు నేల మీద కూర్చుని చీరలు కత్తిరిస్తున్నాడు. కత్తెర అంచు పక్కనే పెట్టి ఆరు గజాల పొడవునా సర్రున లాగేస్తాడు. అంచు ఒక గోనెసంచిలోకి, కొంగు ఇంకో దాంట్లోకి, మధ్య పట్టు ఓ మూలకి. అంచులేం చేస్తారని అడిగాను. "కాల్చేస్తాం అమ్మా. బూడిద కరిగిస్తే వెండి వస్తుంది" అన్నాడు సేట్, పాలు కాస్తాం అన్నంత మామూలుగా. ఆ గుట్టలో ఒక్కో చీర మూల మీద చిన్న పసుపు మరక కనపడుతోంది. కొత్త చీర కట్టుకునే ముందు మనం పెట్టుకుంటామే, ఆ పసుపు. కొన్ని వెలిసిపోయాయి, కొన్ని నిన్న పెట్టినట్టున్నాయి. ఏ ఇంటివో, ఏ పెళ్లివో. కుర్రాడి కత్తెర ఆ మూల నుంచే మొదలవుతోంది, బహుశా పట్టుకోవడానికి వీలని.

సేట్ ముందు అమ్మమ్మ చీర తీసుకున్నాడు. అంచు చివర గోరుతో ఒక పోగు లేపి గీకాడు. జరీ పొర విడిపోయి లోపల ఎర్రటి పట్టుదారం కనపడింది. పద్ధతిగా చేసిన సరిగ అలాగే ఉంటుంది, ఎర్ర పట్టుదారం చుట్టూ సన్నగా సాగదీసిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. తర్వాత ఒక పోగు తుంచి అగ్గిపుల్లకి చూపించాడు. పట్టు వెంట్రుక కాలిన కంపు కొట్టింది, తీగ మాత్రం మిగిలింది. దాన్ని రాయి మీద గీసి మందు చుక్క వేసి వెలుగులోకి వంచి చూశాడు. "అసలు వెండి. ఇప్పుడు ఇలాంటిది రాదు" అని తూకం వేసి తొమ్మిది వేలు అన్నాడు.

తర్వాత అమ్మ పెళ్లిచీర. గోరుతో గీకాడు. లోపల తెల్ల దారం. రాయి మీద గీస్తే ఎర్రగా రాగి గీత పడింది. మందు వేయాల్సిన అవసరం కూడా రాలేదు. చీర మడతపెట్టి, మర్యాదగా రెండు చేతులతో అమ్మ ఒళ్లో పెట్టాడు. "కట్టుకోండమ్మా, చీర బాగుంది."

అది ఉస్మాన్ రోడ్డులో పేరున్న పెద్ద అంగట్లో కొన్నది. పేరు చెప్పను, ఇప్పటికీ పండగ రోజుల్లో ఆ గుమ్మం ముందు నడవడానికి దారి ఉండదు. బిల్లు మీద 'ప్యూర్ జరీ' అని రాసిచ్చారు. అమ్మ ఆ బిల్లు ముప్ఫై ఏళ్లు చీర మడతలోనే దాచింది. మా అమ్మమ్మ మూట చీరలాయన దగ్గర బిల్లు కాదు గదా, కాగితం ముక్క కూడా లేదు. పార్క్ స్టేషన్‌లో రైలెక్కి మాంబళం వచ్చేదాకా అమ్మ నోరు విప్పలేదు. మా స్టేషన్ వస్తుండగా అంది: "ఆ రోజు అంగట్లో అందరికీ తాగడానికి గోల్డ్‌స్పాట్ కూల్‌డ్రింక్ ఇచ్చారే. వాళ్లిచ్చిన వాటిల్లో అసలుది అదొక్కటే."

ఇక వింటేజ్ సంగతి. అమ్మమ్మ ఆ నెమలికంఠం చీర జీవితంలో ఇరవైసార్లు కట్టుకుని ఉంటుంది, అంతే. మిగతా రోజులన్నీ మిల్లు వాయిల్ చీరలే. ఒంటి మీద ఒకటి, తీగ మీద ఒకటి. వాటిల్లో ఒక్కటి కూడా ఇవాళ లేదు. మెత్తబడ్డాక ఒకటి నాకు ఉయ్యాల అయింది, తర్వాత బొంతలోకి వెళ్లింది, బొంత చిరిగాక మసిగుడ్డ అయింది, మసిగుడ్డ ఎక్కడికి పోయిందో ఎవరు చూశారు. కాస్త గట్టిగా ఉన్నవి పాతబట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చేవాడు పట్టుకుపోయాడు, ఆ టిఫిన్ డబ్బా మాత్రం మా వంటింట్లో ఇంకా ఉంది. అంటే బాగా కట్టుకున్న బట్ట అరిగిపోయింది. కట్టుకోకుండా దాచింది మిగిలింది. మిగిలినదాన్ని చూసి "ఆ కాలంలో ఎంత అందంగా ఉండేవాళ్లో" అంటున్నాం. ఆ కాలంలో ఎవరూ రోజూ అలా లేరు. మనం చూస్తున్నది వాళ్ల పండగ రోజుల్ని మాత్రమే.

మా ఆఫీసులో ఓసారి రెట్రో డే పెట్టారు. పోల్కా చుక్కలు, బెల్ బాటమ్, బుట్ట చేతుల జాకెట్లు, కొప్పు పక్కన గులాబీ. డెబ్బైల్లో దేశమంతా కోడంబాక్కం స్టూడియో లోపలే కాపురం ఉన్నట్టు! ఒక్కడైనా మిల్లు షిఫ్టు దిగి వచ్చే ఖాకీ నిక్కరుతో రాలేదు. నేనూ రాలేదనుకోండి, బుట్ట చేతుల జాకెట్టే వేసుకున్నా. కుట్టడానికి దర్జీ ఎనిమిది వందలు తీసుకున్నాడు, చంకలో పట్టేసింది, అది వేరే కథ.

గళ్ల చొక్కాల సంగతి ఇంకా విడ్డూరం. బెసెంట్ నగర్ కాఫీ అంగళ్లలో కుర్రాళ్లు 'మద్రాస్ చెక్స్' వేసుకుని తిరుగుతుంటారు, వింటేజ్ అని. 1960ల్లో అమెరికాలో ఈ గళ్ల గుడ్డ ఉతికితే రంగు దిగుతుంటే, రంగు దిగడం గ్యారంటీ అనే ప్రకటన ఇచ్చి మరీ అమ్మారు. మనింట్లో రంగు దిగితే అంగడివాడితో తగువు, అక్కడ దిగితే ఫ్యాషన్. పేరు మద్రాసుది, నేత అంతా ఇక్కడిదే అనుకుంటారు. కానీ రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని పశ్చిమ ఆఫ్రికాకి ఓడలెక్కిన గళ్ల గుడ్డ నేసినవాళ్లలో మన చీరాల మగ్గాలవాళ్లు ఉన్నారు. నైజీరియాలో కలాబరీ వాళ్లు దాన్ని ఇంజిరి అంటారు, వాళ్ల వేడుకల్లో దానికి పెద్దపీట. చీరాల పేరు ఆ మూటల మీద ఎక్కలేదు. మా తాత కట్టిందీ గళ్ల లుంగీయే. అది కట్టుకుని బంధువులింటికి వెళ్తే అమ్మమ్మ గుమ్మంలోనే ఆపి "పంచె కట్టుకుని రండి" అనేది. అదే గళ్లు చొక్కా అయితే ఇప్పుడు మూడు వేలు. గళ్లకి మర్యాద నడుము దాటి పైకెక్కాక వచ్చిందన్నమాట.

సరే, మీ చీర. అమ్మకండి, ముందు మీకు సాయపడేది చెప్తాను. అమ్మమ్మ చీర నేను మా పిన్ని కూతురి పెళ్లికి కట్టుకున్నాను. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత మీదే బలహీనపడుతుందని నాకప్పుడు తెలీదు. భోజనాల దగ్గర కుర్చీలో కూర్చోగానే మోకాలి దగ్గర చిర్రుమంది. జానెడు. కొంగు కప్పుకుని పప్పు, చారు, పాయసం అన్నీ తిన్నాను. తర్వాత వెనకాల సన్న నెట్ వేయించి కుట్టించాను, ఇప్పుడు కట్టుకోవచ్చు.

కాబట్టి ఈ రోజే మీ చీర విప్పండి. ఎండలో కాదు, నీడలో ఒక పూట ఆరబెట్టండి. వెలుగుకి అడ్డంగా పట్టి మడతలన్నీ చూడండి, పలచబడిన చోట ముందే నెట్ వేయించండి. మళ్లీ మడిచేటప్పుడు పాత గీత మీద మడవకండి. పాత నూలు పంచెలోనో దుప్పటి ముక్కలోనో చుట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో వద్దు, కలరా ఉండ జరీకి తగలకుండా చూసుకోండి. పాత జాకెట్టు మీకు పట్టదు, ఎవరికీ పట్టదు, దాన్ని విప్పదీయించకుండా కొత్తది కుట్టించుకోండి. ఫాల్ పాతదైతే మార్పించండి.

మీ అమ్మగారితో వాదించకండి. ఆమెని ఓసారి ఆ జరీ అంగడికి తీసుకెళ్లి ఆ కుర్రాడి కత్తెర చూపించండి, చాలు. వస్తూ వస్తూ కచోరీ తినండి. ఇక డ్రై క్లీనింగ్‌కి ఇస్తే, మూల మీద పసుపు మరక కనపడితే తియ్యొద్దని చీటీ రాసి పిన్ను పెట్టివ్వండి. నేను చెప్పడం మర్చిపోయాను, వాడు శుభ్రంగా తీసేశాడు.