మళ్ళీ పరిచిన దుప్పటి

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. వ్యసనాలకు లోనై దారి తప్పిన యువకులను క్రైస్తవ సంస్థలు నడిపే హోమ్‌లలో ఉంచడం గురించి ఒక తల్లి, అలాంటి హోమ్ నుండి బయటికి వచ్చిన ఒక యువకుడు, అలాంటిదే తామూ తెరవాలనుకుంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాశారు. నేను మా సంఘం నడిపిన యువకుల హోమ్‌లో పదకొండేళ్లు వార్డెనుగా ఉన్నవాడిని. అందువల్ల ఈసారి పేజీ అంతా ఈ మూడింటికే ఇస్తున్నాను. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నా భర్త లేరు. నా కొడుక్కి ఇరవై రెండేళ్లు. డిప్లొమా మధ్యలో మానేశాడు. మొదట మందు, తర్వాత గంజాయి. గ్యాస్ సిలిండరు అమ్మేశాడు, నా చెవి కమ్మలు తాకట్టు పెట్టాడు. మూడు నెలల క్రితం జేబులో గంజాయి పొట్లం దొరికిందని పోలీసులు కేసు రాశారు. మా పాస్టరుగారు ఒక క్రైస్తవ హోమ్ పేరు చెప్పి, తొమ్మిది నెలలు అక్కడ ఉంచితే మారతాడంటున్నారు. వాడు రానంటున్నాడు. ఉపవాస కూటానికని చెప్పి కారెక్కించి అక్కడ దింపేసి రమ్మని మా అన్నయ్య సలహా. ఆ హోమ్‌వారు మూడు నెలలదాకా ఎవరూ చూడటానికి రాకూడదని సంతకం అడుగుతున్నారు. డాక్టర్లు, మందులు అక్కర్లేదు, ప్రార్థనే చాలు అన్నారు. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్యగారి సలహా సంగతి చెబుతాను. కూటమని చెప్పి తీసుకువెళ్ళి వదిలేసి రాకండి. మా హోమ్‌కు అలా వచ్చిన అబ్బాయిలు కొందరున్నారు. కారు వెనక్కి తిరిగి గేటు దాటిన క్షణం నుండి వాళ్ళకు తాము చేసినదేదీ గుర్తుండేది కాదు, తల్లి ఆడిన అబద్ధం ఒక్కటే గుర్తుండేది. ఆ తర్వాత మేము చదివిన ప్రతి వాక్యమూ, పెట్టిన ప్రతి ముద్దా ఆ అబద్ధంలో భాగంగానే వాళ్ళకు తోచేది. ప్రార్థన పేరు చెప్పి పట్టుకున్న పిల్లవాడికి మళ్ళీ ప్రార్థన మీద నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది.

రెండవది ప్రాణానికి సంబంధించిన మాట. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే, కొన్ని గంటలలోనే వణుకూ చెమటలూ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి చెదిరి, లేనివి కనబడి, జ్వరంతో, గుండెదడతో ప్రాణం మీదికి వస్తుంది. ఇది వైద్యులు మందులతో నివారించగలిగిన ప్రమాదం. నేను చేరిన మొదటి ఏడాదిలో ఒక అబ్బాయి వచ్చాడు. మర్నాడు పొద్దున టీ ఇస్తే స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా అది పళ్ళకు కొట్టుకొని టకటకలాడింది, సగం టీ చొక్కా మీదే ఒలికిపోయింది. నేను అతని తల మీద చేయి ఉంచి ప్రార్థన చేశాను గాని, ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకువెళ్ళలేదు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. దేవుని దయవల్ల బతికాడు. తప్పు మాత్రం నాదే. ఆ తర్వాత డాక్టరు చూసి రాసిచ్చిన కాగితం లేకుండా మేము ఎవరినీ చేర్చుకోలేదు. కాబట్టి మందులు అక్కర్లేదని చెప్పే హోమ్‌కు, అది ఎంత ప్రార్థనాపరులదైనా సరే, మీ అబ్బాయిని పంపకండి.

మీకు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గర. అక్కడి మానసిక వైద్య విభాగంలో ముందు చూపించండి. అతను రానంటే మీరొక్కరే వెళ్ళి మాట్లాడినా మేలే. వ్యసనాల విషయంలో సలహాకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు 14446 ఉంది. మనసు బాగోలేనప్పుడు 14416కు చేయవచ్చు, అది అతనికే కాదు, మీకూ పనికివస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా జరిపిన సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోందని అందులో తేలింది. మీ ఊళ్లో మీరొక్కరే ఇలా బాధపడుతున్నారని అనుకోకండి.

కేసు విషయంలో ఒక వకీలును కలవండి. మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షను ఉంది. కొద్ది పరిమాణంతోనో, వాడకంతోనో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరితే విచారణ నుండి మినహాయింపు పొందే అవకాశాన్ని అది ఇస్తుంది. గంజాయి అయితే కొద్ది పరిమాణమంటే 1 కిలో వరకు. తనంతట తానుగా అన్న ఆ మాటను గమనించండి.

ఇక ఆ సంతకం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకున్నది. అలాంటివారిని చికిత్సకోసం, పునరావాసం కోసం ఉంచుకునే ఏ సంస్థ అయినా, పేరులో చర్చి ఉన్నా ఆశ్రమం ఉన్నా, రిజిస్టరు కావలసిందే. ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. పద్దెనిమిదేళ్లు నిండి తన ఇష్టంతో చేరినవాడు వెళ్తానంటే పంపాలి. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అదీ మొదట 30 రోజులకు మించకూడదు. ఈ చట్టం ఊరికే రాలేదమ్మా. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత దొరుకుతుందని కుటుంబాలు వదిలివెళ్ళిన మానసిక రోగులు మంటలు అంటుకున్నప్పుడు గొలుసులతో ఉన్నందువల్ల పారిపోలేక, 28 మంది చనిపోయారు. అది ఏ మతానికి చెందిన చోటు అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. భక్తి ఉన్నచోట తనిఖీ అక్కర్లేదనుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు, మన సంఘాలలోనూ ఆ పొరపాటు ఉంది.

అయితే హోమ్‌లే వద్దని నేననను. పాత స్నేహాలకూ, పాత వీధికీ దూరంగా, వేళకు లేచి, వేళకు తిని, ఏదో ఒక పని చేతపట్టుకొని కొన్ని నెలలు గడిపితే నిలదొక్కుకునే యువకులున్నారు. నా కళ్ళముందే నిలదొక్కుకున్నారు. వాళ్ళను నిలబెట్టినదేమిటని అడిగితే నేనొక పాత సంగతి చెబుతాను. ఇటలీలోని టూరిన్ నగరంలో డాన్ బోస్కో అనే క్యాథలిక్ గురువు, పనికోసం పల్లెల నుండి వచ్చి వీధులపాలైన కుర్రవాళ్ళకు గడ్డివామి ఉన్న అటక మీద పడుకోవడానికి చోటిచ్చేవారు. వాళ్ళలో కొందరు దుప్పట్లు ఎత్తుకుపోయారు, కొందరు పక్కగుడ్డలు ఎత్తుకుపోయారు, చివరికి గడ్డి కూడా అమ్ముకున్నారు. 1847 మే నెలలో ఒక సాయంత్రం, వానకు తడిసి ముద్దయిన పదిహేనేళ్ల తాపీపని కుర్రవాడు డాన్ బోస్కో ఇంటి తలుపు తట్టాడు. దొంగవు కావని నాకు నమ్మకమేమిటి, ఇంతకుముందు వచ్చినవాళ్ళు దుప్పట్లు పట్టుకుపోయారని ఆయన అతనితోనే అనేశారు. తాను పేదవాడినే గాని ఎన్నడూ దొంగతనం చేయలేదని అతనన్నాడు. ఆయన తల్లి మార్గరీటా, అప్పటికే అరవైకి దగ్గరపడిన పల్లెటూరి మనిషి, బయటినుండి ఇటుకలు ఏరి తెచ్చి నాలుగు దిమ్మెలు పేర్చి, వాటిమీద చెక్కలు వేసి వంటింట్లోనే పక్క పరిచింది. పడుకునే ముందు కష్టపడి పనిచేయడం గురించి, దేవుని గురించి నాలుగు మాటలు చెప్పింది. ఆయన స్థాపించిన సలేసియన్ సభ నేడు ప్రపంచమంతటా నడిపే సంస్థలకు, మన విజయవాడలో రైల్వేస్టేషను పిల్లలకోసం 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్‌కు కూడా, మొదటి పక్క అదే.

దుప్పట్లు పోయాక మళ్ళీ దుప్పటి పరిచే మనిషి ఆ హోమ్‌లో ఉన్నారా లేదా అన్నది మీరు వెళ్ళి చూసుకోండి. చెప్పకుండా, భోజనాల వేళ వెళ్ళండి. కుర్రవాళ్ళతో వార్డెను కలిసి తింటున్నాడా, లేక లాఠీలాంటిదేదైనా పట్టుకొని నిలబడ్డాడా చూడండి. అక్కడున్న ఒకరితో విడిగా మాట్లాడనివ్వమని అడగండి, ఒప్పుకోకపోతే తిరిగి వచ్చేయండి. ఇంతమంది మారారని చెప్పినప్పుడు, మొత్తం ఎంతమంది చేరితే అంతమంది మారారని అడగండి, ఎందుకంటే చివరిదాకా ఉన్నవారినే లెక్కవేస్తే ఏ హోమ్ లెక్కయినా గొప్పగానే ఉంటుంది. ఇలాంటివి రెండు చోట్ల చూసి, ఆ రెండింటినీ మీ అబ్బాయికి చూపించి, ఎంచుకోవడం అతనికే వదలండి. చేరిన తర్వాత మీరు చూడటానికి వెళ్ళిన రోజున కమ్మల మాట ఎత్తకండి. అతనే ఎత్తుతాడు. దానికి సమయం పట్టవచ్చు.

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు, ఖమ్మంలో ఒక టైల్స్ షాపులో పని. ఒక క్రైస్తవ హోమ్‌లో ఏడాది ఉండి వచ్చాను. మానేసి పద్నాలుగు నెలలైంది. మా సంఘంలో ప్రతి యవనస్థుల కూటంలో నన్ను నిలబెట్టి, నా పాత జీవితం గురించి, మారిన తీరు గురించి సాక్ష్యం చెప్పిస్తారు. కానీ కానుకలు లెక్కపెట్టేటప్పుడు నేను దగ్గరికి వస్తే మాటలు ఆగిపోతాయి. ఇంట్లో మా అన్నయ్య ఇప్పటికీ బీరువా తాళం జేబులో వేసుకొని స్నానానికి వెళ్తాడు. ఇంకా ఎన్నాళ్లు?

జవాబు: బాబూ, పద్నాలుగు నెలలు చిన్న సంగతి కాదు. నీ ప్రశ్నలోని బాధ న్యాయమైనదే. సాక్ష్యం విషయంలో నీకు హక్కు ఉంది, వద్దని మర్యాదగా చెప్పు. ఎవరి పాత జీవితాన్నీ నెలనెలా ప్రదర్శనకు పెట్టడం మంచిది కాదు. అలా చెప్పించుకుంటూ ఉంటే నువ్వు ఎప్పటికీ ఆ పాత మనిషిగానే వాళ్ళకు గుర్తుంటావు. సంఘ పెద్దలకు కూడా ఒక మాట చెప్పాలి. బైబిలులో, మార్కు అనే యువకుడు మొదటి సువార్త ప్రయాణంలో మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోయాడని అపొస్తలుడైన పౌలు అతన్ని మళ్ళీ తీసుకువెళ్ళనన్నాడు. ఆ విషయంలో తన తోటి ప్రయాణికుడైన బర్నబాతో వాదం ముదిరి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు వెళ్ళాడు. చివరికి చెరసాలలో ఉన్న పౌలే, మార్కు తనకు ప్రయోజనకరమైనవాడనీ, అతన్ని తీసుకురమ్మనీ తిమోతికి రాశాడు. ఆ మధ్యకాలంలో బర్నబా మార్కుచేత ఎక్కడా సాక్ష్యం చెప్పించినట్టు రాయలేదు, పనిలో పెట్టుకున్నాడంతే.

మీ అన్నయ్య సంగతి వేరు. పైన చెప్పిన తాపీపని కుర్రవాడికి పక్క పరిచిన ఆ రాత్రి వంటింటికి తాళం వేశామని, తెల్లవారేదాకా తీయలేదని డాన్ బోస్కో దాచకుండా రాసుకున్నారు. అంత పెద్దమనసున్నవాళ్ళు కూడా మొదటి రాత్రి తాళం వేశారు. నమ్మకం, జాగ్రత్త రెండూ ఒకే మనసులో ఉంటాయి. కాబట్టి ఆ తాళాన్ని అవమానంగా తీసుకోకు. అయితే అది ఆ ఒక్క రాత్రి తాళం, మీ ఇంట్లో ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. నెల జీతం వచ్చిన రోజున అన్నయ్య దగ్గర కూర్చొని, నీవల్ల ఇంట్లో పోయినవి ఏమేమిటో ఇద్దరూ ఒక కాగితం మీద రాయండి. ప్రతి నెలా ఎంతో కొంత చెల్లించి, ఆ కాగితం మీదే అన్నయ్యచేత సంతకం పెట్టించుకో. మా హోమ్ నుండి వెళ్ళిన ఒకతను ఇలాగే చేశాడు. అయిదో నెలలో వాళ్ళ అన్న కాగితం చింపేసి, కరెంటు బిల్లు కట్టి రమ్మని డబ్బు చేతికిచ్చాడట. మీ అన్నయ్య కూడా చింపుతాడని నేను మాట ఇవ్వలేను. చింపకపోయినా నీ అప్పు తీరుతుంది.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు సొంత మేడ ఉంది. పిల్లలు విదేశాలలో స్థిరపడ్డారు. పై అంతస్తులో పదిమంది వ్యసనపరులైన యువకులను ఉంచి, ప్రార్థన, భోజనం ఏర్పాటు చేయాలని నేనూ మా ఇంటావిడా అనుకుంటున్నాము. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మాస్టారూ, మీ ఇద్దరి మనసుకు నమస్కారం. కానీ పదిమందితో మొదలుపెట్టకండి. మొదటి ఉత్తరంలో చెప్పిన రిజిస్ట్రేషను, డాక్టరు, రాత్రిపూట మెలకువగా ఉండే శిక్షణ పొందిన మనిషి లేకుండా, మత్తు వదులుతున్న వ్యక్తిని ఇంట్లో ఉంచుకోవడం అతనికీ మీకూ ప్రమాదమే. మన దగ్గర నిజంగా కొరతగా ఉన్నది మరొకటి. చికిత్స ముగించుకొని, హోమ్‌లో గడువు పూర్తిచేసుకొని వచ్చిన కుర్రవాడు ఎక్కడికి వెళ్ళాలి? పాత వీధికే వెళ్తున్నాడు. అలాంటివాడు ఒక్కడికి మీ పై అంతస్తులో ఒక గది నామమాత్రపు అద్దెకు ఇవ్వండి, రాత్రి భోజనం మీతో కలిసి చేయమనండి. ప్రార్థనకు పిలవండి, రాకపోతే అన్నం తగ్గించకండి.

మీరు ఉపాధ్యాయులు కనుక మీ పాత విద్యార్థులలో మెకానిక్ షెడ్లు, ప్రెస్సులు, ఫర్నిచర్ షాపులు నడిపేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళలో ఒకరిని అతనికి పని నేర్పమని అడగండి, అడిగినది కాగితం మీద పెట్టించండి. 1852 ఫిబ్రవరిలో డాన్ బోస్కో ఒక కుర్రవాడిని వడ్రంగి దగ్గర పనికి పెట్టినప్పుడు స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించారు. తప్పు చేస్తే మాటతోనే దిద్దాలి, కొట్టకూడదు. పండుగ రోజుల్లో పని చెప్పకూడదు. ఏడాదికి పదిహేను రోజులు సెలవు ఇవ్వాలి. యజమాని, కుర్రవాడు, అతని తరఫు పెద్ద, డాన్ బోస్కో, అందరూ దానిమీద సంతకాలు చేశారు. మీ ఒప్పందంలో కుర్రవాడి తరఫు పెద్ద సంతకం చేయవలసిన చోట మీ పేరు రాయండి. అక్కడ సంతకం చేసేవాళ్ళు దొరకకే చాలామంది వెనక్కి వెళ్ళిపోతున్నారు.