ముందు రాత్రి డ్యూటీలు మానండి, ప్రాక్టీసు కాదు

డాక్టర్ గారూ, 64 ఏళ్ల వయసులో రాత్రి డ్యూటీ చేస్తే రెండు రోజులు తేరుకోలేకపోతున్నానని, మందుల పేర్లు చప్పున గుర్తుకు రావడం లేదని, ప్రాక్టీసు మానేయాలా అని అడిగారు. మానకండి. కానీ ఇలాగే లాక్కురావడం కూడా వద్దు.

వయసుతో ముందుగా తగ్గేది వేగం. ఒకేసారి నాలుగు పనులు చూసుకోవడం కష్టమవుతుంది. ఏళ్ల తరబడి రోగులను చూసి సంపాదించిన అంచనా మాత్రం చాలాకాలం నిలుస్తుంది. పేరు నాలుక చివర ఆగిపోవడం ఈ వయసులో మామూలే. బాగా తెలిసిన డోసు తప్పు రాస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

నిద్ర సంగతి ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, పగటి నిద్ర ముక్కలవుతుంది. రాత్రి పోయిన నిద్ర పగలు సరిగ్గా పూడదు. అందుకే ఆ డ్యూటీలు ముందు వదిలేయండి. కొన్ని వారాలు సరిగ్గా నిద్రపోయాక కూడా మతిమరుపు తగ్గకపోతే థైరాయిడ్, విటమిన్ బీ12, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), డిప్రెషన్ ఉన్నాయేమో చూపించుకోండి. వినికిడి పరీక్ష కూడా. దయచేసి మీకు మీరే వైద్యం చేసుకోకండి, మన వృత్తిలో ఆ అలవాటు చాలా చేటు చేస్తోంది.

పగటి ఓపీని మరీ తగ్గించకండి. 2017లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన అమెరికా అధ్యయనంలో, ఆస్పత్రిలో చేరిన వృద్ధ రోగుల 30 రోజుల మరణాలు 60 దాటిన వైద్యుల దగ్గర కాస్త ఎక్కువగా కనిపించాయి. ఎక్కువమంది రోగులను చూసే వైద్యుల్లో ఆ తేడా లేదు.

ఇంకో మాట: మన పనితీరును మనం సరిగ్గా అంచనా వేయలేం. మీరు నమ్మే సహోద్యోగికి అప్పుడప్పుడు మీ కేస్‌షీట్లు చూపించి, మొహమాటపడకుండా చెప్పమని అడగండి.