వంటింటి ప్రశ్నలు – జవాబులు: ఆస్పరాగస్, సంత్రా, చేదు ఆకుల సలాడ్లు

నాగపూర్ సంత్రాలు మార్కెట్‌కి వచ్చాయంటే చంద్రాపూర్, గడ్చిరోలి, నాందేడ్, యవత్మాళ్ జిల్లాల తెలుగు ఇళ్ల నుంచి సలాడ్ల మీద ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వాటికే చోటిచ్చాం. కొలతలన్నీ నలుగురికి సరిపడేవి. చెంచా అంటే టీ చెంచా, పెద్ద చెంచా అంటే మూడు టీ చెంచాలు.

ప్ర: నాగపూర్ నుంచి ఒక కట్ట ఆస్పరాగస్ (లేత పచ్చ కాడల కూరగాయ) తెచ్చుకున్నాం. ముక్కలు కోసి, మూత పెట్టి పది నిమిషాలు ఉడికించి, నిమ్మరసం పిండి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రానికి ఖాకీ రంగుకు తిరిగింది. కింది ముక్కలైతే చెరుకు పిప్పిలా నోట్లో మిగిలిపోయాయి. అంత ఖరీదు పెట్టి కొన్నది పాడైపోయింది. ఎక్కడ తప్పు చేశాను? – గృహిణి, బల్లార్షా

జ: రంగు పోయింది నిమ్మరసం వల్ల, మూత వల్ల. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. పులుపు తగిలితే అది ఊడిపోతుంది, పచ్చదనం ఖాకీలోకి దిగుతుంది. కాడలు ఉడికేటప్పుడు వాటిలోంచి కూడా కొద్దిగా ఆమ్లాలు ఆవిరితో బయటికొస్తాయి. మూత పెడితే అవి మళ్లీ గిన్నెలోకే జారతాయి. వేడి ఎంతసేపు ఉంటే నష్టం అంత. అందుకే మూత తీసి, కొద్దిసేపే ఉడికించాలి. పులుపు పళ్లెం ముందు కూర్చునే వేళకే కలపాలి. పచ్చగా ఉంటుందని కొందరు వంట సోడా వేస్తారు. రంగు నిలుస్తుంది కానీ కాడ మెత్తగా చిదికిపోతుంది. సోడా వద్దు.

పిప్పి సంగతి వేరు. ఆస్పరాగస్ కోసిన తర్వాత కూడా మొదలు వైపు నుంచి పీచు కడుతూనే ఉంటుంది, తీపి తగ్గుతూ ఉంటుంది. దూరం నుంచి వచ్చిన కట్టలో అడుగు భాగం ముదిరే ఉంటుంది. ఎంత ఉడికించినా ఆ పీచు లొంగదు. కొనేటప్పుడు మొన చూడండి. పొలుసులు గట్టిగా మూసుకుని ఉండాలి. విచ్చుకున్నా, జిగురుగా ఉన్నా, వాసన వచ్చినా వదిలేయండి. కోసిన చోట ఎండి ముడుచుకుపోయి ఉండకూడదు. సన్నవే లేతవని అనుకోవడం సరికాదు. బొటనవేలంత లావున్న తాజా కాడ, పై తొక్క తీస్తే, సన్నటి పాత కాడ కంటే ఎంతో మెత్తగా ఉంటుంది.

పావు కిలో కట్టకి పద్ధతి ఇది. ఒక కాడని రెండు చేతులతో పట్టుకుని అడుగు వైపు వంచండి, ముదురు మొదలైన చోటికి దగ్గర్లో విరుగుతుంది. దాన్ని కొలతగా పెట్టుకుని మిగతావి కత్తితో కోయండి. లావు కాడలైతే కింది సగం మీద తొక్క గీసేయండి. రెండు లీటర్ల నీళ్లు తెర్లకాగాక ఒకటిన్నర పెద్ద చెంచాల ఉప్పు వేయండి. కాడలు వేసి, మళ్లీ మరుగు పట్టినప్పటి నుంచి లెక్కపెట్టండి: పెన్సిలంత సన్నవైతే ఒకటిన్నర నిమిషం, బొటనవేలంత లావువైతే మూడు నిమిషాలు. కత్తి మొన కొద్దిగా ఆనుతూ దిగాలి, సులువుగా జారిపోతే అప్పటికే ఆలస్యమైనట్టు. వెంటనే ఐసు నీళ్లలో వేయండి. ఐసు లేకపోతే కుండ నీళ్లు రెండుసార్లు మార్చండి. వేసవిలో మాత్రం కుండ నీళ్ల చల్లదనం చాలదు. చల్లారగానే తీసేయండి, నానితే రుచి నీళ్లలోకి పోతుంది.

తర్వాత బట్ట మీద పరిచి తడి పూర్తిగా అద్దండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. తడి కాడకి నూనె అంటదు. డ్రెస్సింగ్ (సలాడ్‌లో కలిపే నూనె, పులుపు) అంతా అడుక్కి చేరి పైన చప్పగా మిగులుతుంది. ఉడికించి ఆరబెట్టినవి మూత డబ్బాలో ఒక రోజు ఫ్రిజ్‌లో బాగానే ఉంటాయి. పచ్చి కట్టని దాచాలంటే మొదళ్లు కొంచెం కోసి, గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి నిలబెట్టి, పైన పాలిథిన్ సంచి వదులుగా కప్పి ఫ్రిజ్‌లో ఉంచండి. మూడు నాలుగు రోజులు ఆగుతుంది.

ఉడికించడం ఇష్టం లేకపోతే లావు కాడల్ని తొక్క తీసే పీలర్‌తో పొడుగ్గా రిబ్బన్లుగా గీసి, పది నిమిషాలు ఐసు నీళ్లలో ఉంచితే చుట్టలు తిరుగుతాయి. పచ్చిగానే తినొచ్చు. సన్నకాడలకి ఈ పని కుదరదు.

ప్ర: మా పక్కింటి మరాఠీ వాళ్లు పచ్చి మెంతి ఆకుతో ఘోళానా అనే సలాడ్ చేస్తారు, ఎంత రుచో. అదే నేను చేస్తే పిల్లలు ఉమ్మేస్తున్నారు. చేదు తగ్గుతుందని నిమ్మకాయ రెండింతలు పిండినా లాభం లేదు. – పాఠకురాలు, దేగ్లూర్

జ: పులుపు చేదుని తగ్గించదు. రెండూ కలిసి నాలుకని ఇంకా కోస్తాయి. చేదుని అణిచేది ఉప్పు. దాని తర్వాత నూనె, పల్లీల్లాంటి కొవ్వున్న పదార్థాలు, కొంచెం తీపి. ఘోళానాలో పల్లీల పొడి, పచ్చి నూనె అంత ఉదారంగా వేసేది అందుకే. ఘోళానా చేసుకునే ఇల్లు సలాడ్ పాఠం వేరే చోటికి వెళ్లి నేర్చుకోనక్కర్లేదు.

ముందు ఆకు చూడండి. పూత పట్టిన మెంతి వద్దు. జానెడు ఎత్తులోపు లేత మొక్కలే తీసుకోండి. వేళ్లతో అమ్మే చిన్న మెంతి దొరికితే ఇంకా మంచిది, కానీ ఇసుక ఉంటుంది. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆకు ముంచి, చేత్తో పైకి తీయాలి. గిన్నె వంచి వడకడితే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదకే వస్తుంది. నీళ్లు మార్చి మూడుసార్లు చేయండి. చివరి కడుగు చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచితే ఆకు బిగుస్తుంది. తర్వాత బట్టలో మూటకట్టి దులిపి ఆరబెట్టండి.

ఆకుని సన్నగా తరగకండి. తరిగిన కొద్దీ చేదు రసం బయటికి వస్తుంది. తుంచిన ఆకులు అలాగే ఉండాలి, లావు కాడలు తీసేయాలి. రెండు కప్పుల నిండుగా ఆకుకి ఒక మధ్యస్థం ఉల్లిగడ్డ, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు మూడు పెద్ద చెంచాలు, పల్లి నూనె ఒకటిన్నర పెద్ద చెంచాలు, ఉప్పు అర చెంచా, ఒక పచ్చిమిర్చి, సగం నిమ్మకాయ. ఉప్పుని ఉల్లిగడ్డ ముక్కలకి పట్టించి చేత్తో పిసకండి, ఆకుకి కాదు. తర్వాత నూనె వేసి ఆకు కలపండి, అప్పుడు పల్లీల పొడి, చివర నిమ్మరసం. ముందు నూనె పట్టిన ఆకుకి ఉప్పు, పులుపు కాస్త ఆలస్యంగా తగులుతాయి, ఆకు వాడిపోవడం నెమ్మదిస్తుంది. అయినా పావుగంట లోపు తినేయాలి.

పిల్లల కోసం రెండు సంత్రాల తొనలు పొర తీసి కలపండి. మెంతి ఆకు సగానికి తగ్గించి మిగతా సగం లెట్యూస్ గానీ సన్నగా తరిగిన క్యాబేజీ గానీ వేయండి. కానీ చేదుని పూర్తిగా మాయం చేయాలని చూడకండి. అది లేకపోతే సంత్రా తీపి, పల్లీల కమ్మదనం ఒకదాన్నొకటి పట్టుకునేది ఏమీ ఉండదు. మీ వైపు చేలల్లో కుసుమ మొక్కలు పలచన చేసినప్పుడు వచ్చే లేత ఆకు, మరాఠీలో కరడయీ భాజీ, ముళ్లు రాకముందు ఇలాగే పనికొస్తుంది. లేత ఆవాకు కూడా. దానిది చేదు కన్నా ఘాటు ఎక్కువ, కాబట్టి నాలుగో వంతు మించనివ్వకండి.

ప్ర: సంత్రా వేసిన సలాడ్ పది నిమిషాల్లో నీళ్లు నీళ్లుగా అయిపోతుంది. పైగా బత్తాయి రసం పొద్దున తీసి పెట్టుకుంటే మధ్యాహ్నానికి చేదెక్కుతోంది. పండు చెడిపోయిందా? – పాఠకుడు, కిన్వట్

జ: పండు బాగానే ఉంది. బత్తాయిలో, సంత్రాలో పొరలకీ తెల్ల పీచుకీ చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. రసం పిండినప్పుడు అది పులుపుతో కలిసి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది, అదే చేదు. గింజలో లిమోనిన్ ముందే ఉంటుంది. అందుకని గింజ నలగకూడదు, మిక్సీలో తిప్పకూడదు, రసాన్ని వాడే ముందే తీయాలి.

నీళ్లు చేరేది తొన చిట్లడం వల్ల, ఉప్పు తగలడం వల్ల. బత్తాయి, పంపర పనసలకి పైన, కింద కోసి నిలబెట్టి, తొక్కనీ తెల్ల పీచునీ కలిపి కత్తితో పైనుంచి కిందికి చెక్కేయండి. తర్వాత పొరకీ కండకీ మధ్య కత్తి దించి తొన విడదీయండి. సంత్రాకి ఈ పద్ధతి అచ్చిరాదు, తొక్క వదులుగా ఉండి కండ నలుగుతుంది. చేత్తో ఒలిచి, తొన లోపలి అంచుని కత్తెరతో కత్తిరించి, గింజలు తీసి, పొర వెనక్కి లాగేయండి. తొనల్ని జల్లెడలో పది నిమిషాలు పెట్టి, కింద కారిన రసాన్ని డ్రెస్సింగ్‌కి వాడండి. మిగిలిన పొరల్ని గట్టిగా కాకుండా పిండితే ఇంకో చెంచాడు వస్తుంది. తొనలు ఎప్పుడూ అన్నిటికంటే చివర, కలపకుండా పైన పెట్టడమే. సంత్రాలు రెండు కాపుల్లో వస్తాయి: అంబియా పంటవి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మృగ్ పంటవి ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వస్తాయి. పచ్చి మెంతి, లేత ఆవాకు బాగుండే చలికాలం అంబియాకే కలిసొస్తుంది.

ప్ర: డ్రెస్సింగ్ విడిపోతోంది. ఏ నూనె మంచిది? – చంద్రాపూర్

జ: ఉప్పు నూనెలో కరగదు. ముందు ఒక పెద్ద చెంచా నిమ్మరసం, రెండు పెద్ద చెంచాల సంత్రా రసంలో అర చెంచా ఉప్పు, అర చెంచా తేనె కరిగించండి. అర చెంచా ఆవపొడిని కొద్ది చల్లటి నీళ్లతో పది నిమిషాలు నానబెట్టి ఇందులో వేయండి. నూనె, రసం విడిపోకుండా పట్టి ఉంచేది అదే. తర్వాత నాలుగు పెద్ద చెంచాల నూనె సన్నటి ధారగా పోస్తూ గిలకొట్టండి. సంత్రా రసంలో పులుపు తక్కువ కాబట్టి నిమ్మ తప్పనిసరి. గానుగ పల్లి నూనె మెంతికి బాగా నప్పుతుంది. ఆస్పరాగస్‌కి మాత్రం ఘాటు లేని కుసుమ నూనె మేలు. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెకి దాని చేదు దానికే ఉంది, మెంతితో కలిపితే చేదు మీద చేదు.

ప్ర: మాకు ఆస్పరాగస్ దొరకదు. అడవిలో దొరికే శతావరి, వెదురు కొమ్ములు వాడొచ్చా? – సిరోంచ

జ: శతావరి అదే జాతిదైనా వేరే మొక్క. మందుకి వాడేది దాని వేళ్లని. సలాడ్‌కి అది బదులు కాదు. వెదురు కొమ్ములు పచ్చిగా అస్సలు తినకూడదు, వాటిలో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. సన్నగా కోసి, మూత లేకుండా, నీళ్లు మార్చి మార్చి బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోశాకే తినాలి. అప్పటికి కరకర తప్ప సొంత రుచి పెద్దగా మిగలదు.

లేత ఫ్రెంచ్ బీన్స్ తీసుకోండి. పావు కిలో, తొడిమలు తీసి, ఉప్పు నీళ్లలో ఐదారు నిమిషాలు. బీన్స్‌ని పచ్చిగా వాడకండి, కడుపు నొప్పి, వాంతులు వస్తాయి. పైన చెప్పినట్టే చల్లార్చి, తడి అద్ది, రెండు సంత్రాల తొనలు, కప్పు మెంతి ఆకు, గుప్పెడు పల్లీలు. వాడిపోయిన ఆస్పరాగస్ ఎక్కువ ధర పెట్టి తెచ్చుకోవడం కంటే సంతలో ఆ పొద్దున దించిన బీన్స్ వెయ్యి రెట్లు మేలని మా గట్టి అభిప్రాయం.

ప్ర: మావారు కొలెస్ట్రాల్ మాత్రలు, మా మామగారు రక్తం పలచబడే మందు వాడుతున్నారు. ఈ సలాడ్లు పెట్టొచ్చా? ఆస్పరాగస్ తిన్నాక మూత్రం వాసన వస్తోందని కూడా కంగారు. – ధర్మాబాద్

జ: వాసనకి కంగారు వద్దమ్మా. ఆస్పరాగస్‌లోని గంధకం ఉన్న ఒక ఆమ్లం శరీరంలో విడిపోయి అలా వస్తుంది, మర్నాటికి పోతుంది.

మందుల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మందుల్ని పేగుల్లో విరగనివ్వకుండా అడ్డుకుని, రక్తంలో వాటి మోతాదు పెంచుతుంది. దాని దగ్గరి చుట్టమైన పంపర పనసకీ ఆ గుణం ఉంది. డాక్టర్‌ని అడిగేదాకా మీవారి పళ్లెంలో పంపర పనస వేయకండి. సంత్రా, బత్తాయిలతో మామూలుగా ఆ ఇబ్బంది ఉండదు. మీ మామగారిది వార్ఫరిన్ అయితే ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. ఆకుకూర మానేయమని కాదు, రోజూ తినే మోతాదు ఒకేలా ఉండాలి. వారమంతా ఏమీ తినక ఆదివారం గిన్నెడు మెంతి తినడం ప్రమాదం. కొత్తగా మొదలుపెట్టేముందు ఆయన డాక్టర్‌కి చెప్పండి.

ప్ర: ఆఫీసు టిఫిన్ డబ్బాలో తీసుకెళ్లాలంటే? – చంద్రాపూర్

జ: డ్రెస్సింగ్ చిన్న సీసాలో వేరుగా. డబ్బాలో అడుగున బీన్స్ లేదా ఆస్పరాగస్, మీద ఉల్లిగడ్డ, ఆ పైన పూర్తిగా ఆరిన ఆకు. తొనలు వేరే గిన్నెలో, పల్లీల పొడి పొట్లంలో. ఉడికించినవి ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే సర్దండి, వెచ్చగా పెడితే మూతకి చెమట పట్టి ఆకు వాడుతుంది. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే చలికాలంలో రెండు గంటల్లోపు తినేయాలి. మీ ఊరి వేసవి ఎండకి గంట కూడా బయట ఉంచొద్దు, ఆ నెలల్లో ఈ డబ్బా మానేసి సంత్రా బదులు దొరికిన పండు ఏదైనా తొక్కతోనే తీసుకెళ్లండి.