రాత్రికి రాత్రే వేసే రోడ్డు వెనుక ఎంత పని ఉంటుంది?

చాలా ఉంటుంది. తెల్లారేసరికి మనకు కనిపించేది నున్నటి పైపొర మాత్రమే.

తారు కలిపిన కంకర లారీలో వచ్చేటప్పటికి సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంటుంది. అది 80, 90 డిగ్రీలకు చల్లారేలోపే రోలర్‌తో అణచడం పూర్తి చేయాలి. ఆలస్యమైతే లోపల గాలి ఖాళీలు మిగిలిపోతాయి. వాటిలోకి నీరు దిగి, కొన్నాళ్లకే గుంత పడుతుంది. పొర పలుచనైతే చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. అందుకే బూట్ల అడుగు నుంచి సెగ తగులుతున్నా పార పట్టినవాళ్లు ఆగరు. యంత్రం చేరలేని అంచులను, మ్యాన్‌హోల్ మూతల చుట్టూ ఉండే సందులను చేత్తో సర్దేది వాళ్లే. నాకు ఆ అంచులు చూసినప్పుడే ఎక్కువ గౌరవం కలుగుతుంది. ఇదంతా జరుగుతుండగా పక్కనే వాహనాలు దూసుకుపోతుంటాయి. అడ్డంగా ఉండేవి ప్లాస్టిక్ శంకువులు మాత్రమే. అక్కడ వేగం తగ్గించడం మన చేతిలో పని.

మురుగు కాలువల మరమ్మతు ఇంకా ప్రమాదకరం. అక్కడ చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుకు కుళ్లిన గుడ్ల వాసన ఉంటుంది. కానీ గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. కాబట్టి పరికరంతో గాలిని పరీక్షించకుండా ఎవరినీ లోపలికి దింపకూడదు.